అర సెకను తడబాటు

కార్బొరేటరు ఉన్న డర్ట్ బైకుల్లో, అంటే మట్టి దారులకూ మోటోక్రాస్ పందేలకూ ప్రత్యేకంగా తయారయ్యే తేలికపాటి బండ్లలో, యాక్సిలేటరును ఒక్కసారిగా తిప్పినప్పుడు ఇంజను వెంటనే అందుకోకుండా ఒక క్షణం మూలిగి, కొన్నిసార్లు పూర్తిగా ఆగిపోయి, ఆ తరువాతే ఊపందుకోవడం తరచుగా కనిపించే లోపం. తెలుగు నాట మెకానిక్ షెడ్లలో దీనినే పికప్ అందడం లేదనీ, రేసు ఇస్తే మిస్సింగ్ వస్తోందనీ, జర్కు కొడుతోందనీ అంటారు. తారు రోడ్డు మీద ఇది చిరాకు కలిగించే విషయం మాత్రమే కావచ్చు గాని, మోటోక్రాస్ ట్రాకులో ఎత్తైన మట్టిదిబ్బ అంచు నుంచి గాలిలోకి లేవవలసిన చోట వెనుక చక్రానికి అందవలసిన శక్తి అర సెకను ఆలస్యమైతే, ముందు చక్రం కిందికి వాలి, నడిపే మనిషి హ్యాండిల్ మీదుగా పడే ప్రమాదం ఉంటుంది.

ఈ తడబాటుకు అలవాటుగా చేసే వైద్యం పెద్ద జెట్ వేయడం; జెట్ అంటే ఎంత పెట్రోలు వెళ్లాలో నిర్ణయించే సన్నని రంధ్రం గల చిన్న ఇత్తడి మర. ఖర్చు తక్కువ, పని తేలిక కనుక ఆ వైద్యానికి ఆదరణ ఎక్కువ. అయితే ఉన్నట్టుండి వచ్చి అర సెకనులో పోయే లోపానికి, బండి నడుస్తున్నంతసేపూ పెట్రోలు అదనంగా పోసే మార్పు చేయడంలో తర్కం తక్కువ. మొత్తం మీద అందే పెట్రోలు సరిపోతున్నా, అందవలసిన క్షణానికి అది అందకపోవడమే ఎక్కువ సందర్భాల్లో అసలు కారణం. ఆ క్షణం ఏదో తేల్చుకోకుండా పానా చేతబట్టడం వల్లనే ఒక పూటలో తేలవలసిన పని వారాల తరబడి సాగుతుంది.

గాలి ముందు, పెట్రోలు వెనుక

ప్రవాహం వేగం పుంజుకున్నచోట దాని పీడనం తగ్గుతుందని డేనియల్ బెర్నూలీ 1738లో ప్రచురించిన గ్రంథంలో వివరించగా, నడుము సన్నబడిన గొట్టంలో ప్రవాహం ఎలా ప్రవర్తిస్తుందో అదే శతాబ్దం చివర ఇటలీకి చెందిన జొవాన్నీ వెంచూరి పరిశీలించాడు. కార్బొరేటరు మధ్యలోని ఇరుకు భాగానికి వెంచూరి అనే పేరు అతని నుంచి వచ్చిందే. ఆ సూత్రం ఆధారంగా పెట్రోలును సన్నని నాజిల్ ద్వారా గాలిలోకి చిమ్మే కార్బొరేటరును జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ 1893లో రూపొందించాడు. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండరులో ఏర్పడే లోటును నింపడానికి బయటి గాలి వెంచూరి గుండా దూసుకెళ్తుంది, అక్కడ పీడనం పడిపోతుంది. అడుగున ఉండే ఫ్లోట్ చాంబరులో, అంటే తేలే బుడ్డి సాయంతో పెట్రోలును ఎప్పుడూ ఒకే మట్టంలో నిలిపే గిన్నెలో, వాతావరణ పీడనం యథాతథంగా ఉంటుంది. ఈ రెండు పీడనాల మధ్య తేడాయే పెట్రోలును జెట్ల గుండా పైకి నెట్టి గాలిలో కలుపుతుంది. మోటారు గాని, కంప్యూటరు గాని, విద్యుత్తు గాని లేకుండా ఇంత పని జరగడం గొప్ప విషయమే అయినా, కార్బొరేటరు బలహీనత కూడా సరిగ్గా అక్కడే ఉంది: గాలి అడిగితే తప్ప పెట్రోలు కదలదు.

డర్ట్ బైకులో యాక్సిలేటరు కేబులు నేరుగా స్లైడును లాగుతుంది. స్లైడు అంటే వెంచూరిని మూసి తెరిచే పలక. స్లైడు కొద్దిగా మాత్రమే తెరిచి ఉన్నప్పుడు గాలి ఆ సన్నని సందు గుండా అతివేగంగా వెళ్తుంది కనుక పెట్రోలును బలంగా పీల్చగలుగుతుంది. అదే స్లైడును ఒక్క ఊపులో పైదాకా లేపితే దారి అనేక రెట్లు వెడల్పవుతుంది, ఇంజను మాత్రం ఇంకా పాత వేగంతోనే తిరుగుతూ దాదాపు పాత మోతాదు గాలినే అడుగుతుంటుంది. దానితో వెంచూరిలో గాలి వేగం కూలిపోయి, పెట్రోలును లాగే శక్తి ఉన్నపళంగా సన్నగిల్లుతుంది. పైగా ఒకే పరిమాణంలో తీసుకుంటే పెట్రోలు గాలి కన్నా సుమారు 600 రెట్లు బరువైనది కాబట్టి, గాలి క్షణంలో ఉరికినా పెట్రోలు కదలడానికి కొంత సమయం పడుతుంది. మూడో కారణం అంతగా ప్రచారంలో లేదు గాని తక్కువది కాదు: స్లైడు మూసి ఉన్నప్పుడు ఇన్‌టేక్ గొట్టంలో పీడనం తక్కువగా ఉండడం వల్ల పెట్రోలు సులువుగా ఆవిరై ఉంటుంది, స్లైడు తెరుచుకోగానే అక్కడ పీడనం పెరిగి, కొత్తగా వచ్చిన పెట్రోలులో కొంత భాగం గొట్టం గోడలకు పొరలా అంటుకుని సిలిండరును చేరదు.

రెండు చుట్లకు ఒకసారి గాలి పీల్చే ఫోర్ స్ట్రోక్ ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు 25 సార్లు గాలి పీలుస్తుంది, అంటే అర సెకనులో పన్నెండు పదమూడు సార్లు. వాటిలో మొదటి అయిదారు సార్లు వట్టి గాలికి దగ్గరగా ఉండే పలచని మిశ్రమం లోపలికి వెళితే మంట అంటుకోదు, అంటుకున్నా బలం ఉండదు. తడబాటు అని చేతికి తెలిసేది ఆ అయిదారు పీల్పులే.

ఈ చిక్కును తప్పించే మార్గం ఒకటి చాలాకాలంగా ఉంది. స్థిర వేగ కార్బొరేటరులో చేతితో తిప్పేది ఒక చిన్న తలుపు మాత్రమే; స్లైడును రబ్బరు పొర సాయంతో ఇంజను పీల్పే, తనకు అవసరమైనంత మేరకే పైకి లేపుతుంది కనుక చేయి ఎంత తొందరపడినా వెంచూరిలో గాలి వేగం కూలిపోదు. 2016లో వచ్చిన తొలి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌లో ఉన్నదీ, సుజుకీ డీఆర్-జెడ్400ఎస్‌లో ఉన్నదీ ఈ రకమే. పందెపు బండ్లకు ఆ నెమ్మదితనం పనికిరాదు. చేయి కదిలిన క్షణానే బండి కదలాలి. ఆ తక్షణ స్పందన కోసమే మోటోక్రాస్ ఇంజనీర్లు చేతితో లాగే స్లైడును వదల్లేదు, దానితో పాటు తడబాటు ప్రమాదాన్ని కూడా తెలిసే నెత్తికెత్తుకున్నారు.

ఫోర్ స్ట్రోక్ తిరిగి వచ్చిన కాలం

1997 మేలో లాస్ వేగస్ సూపర్‌క్రాస్ పందెంలో రైడర్ డగ్ హెన్రీ యమహా వైజడ్‌ఎం400ఎఫ్ అనే ఫోర్ స్ట్రోక్ నమూనా బండి మీద గెలిచినప్పుడు, టూ స్ట్రోక్ బండ్లు ఏలుతున్న ఆ రంగం దిశ మారింది. మరుసటి ఏడాదే దాని మార్కెట్ రూపమైన వైజడ్400ఎఫ్ వచ్చింది. 1998 అమెరికా జాతీయ అవుట్‌డోర్ 250 తరగతి ఛాంపియన్‌షిప్‌ను కూడా హెన్రీ దాని మీదనే గెలిచాడు. ఆ బండికి కేహిన్ సంస్థ తయారుచేసిన 39 మిల్లీమీటర్ల ఎఫ్‌సీఆర్ కార్బొరేటరు అమర్చారు. వెడల్పైన నోరు, బల్లపరుపు స్లైడు, ఆ స్లైడు రాపిడి లేకుండా జారడానికి చిన్న రోలర్లు, వీటన్నిటికీ మించి యాక్సిలరేటర్ పంపు అనే అదనపు ఏర్పాటు దానిలో ఉన్నాయి. గాలి అడగకముందే పెట్రోలును చిమ్మగలిగిన భాగం కార్బొరేటరు మొత్తంలో ఆ పంపు ఒక్కటే.

తరువాత ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేదాకా యమహా వైజడ్250ఎఫ్, వైజడ్450ఎఫ్, హోండా సీఆర్‌ఎఫ్250ఆర్, సీఆర్‌ఎఫ్450ఆర్, కవాసాకి కేఎక్స్250ఎఫ్, కేఎక్స్450ఎఫ్ అన్నీ ఈ ఎఫ్‌సీఆర్ కుటుంబం మీదనే నడిచాయి. 2008 మోడల్ సుజుకీ ఆర్‌ఎం-జెడ్450తో మోటోక్రాస్‌లోకి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, 2009లో హోండా, కవాసాకి 450లు, 2010లో యమహా 450, చివరగా 2014లో వైజడ్250ఎఫ్ ఆ దారి పట్టాయి. ఇంజెక్షన్ బండి గాలి దారి ఎంత తెరుచుకుందో సెన్సారుతో కనిపెట్టి, ఆ క్షణానికే పెట్రోలు మోతాదు పెంచుతుంది కనుక ఈ జబ్బు దానికి దాదాపు లేదు. అయినా పాత ఎఫ్‌సీఆర్ బండ్లు ప్రపంచమంతటా ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, చవకగా చేతులు మారుతున్నాయి. చేతులు మారిన ప్రతిసారీ వాటి లోపల ఎవరో ఒకరు వేలు పెట్టి ఉంటారు.

భారతదేశంలో పరిస్థితి కొంత వేరు. 1985 నుంచి 1996 వరకు తయారైన యమహా ఆర్‌ఎక్స్100 టూ స్ట్రోక్ బండి. దానిలోని మికునీ కార్బొరేటరుకు యాక్సిలరేటర్ పంపు లేదు. టూ స్ట్రోక్ ఇంజను క్రాంక్ తిరిగిన ప్రతి చుట్టులోనూ ఒకసారి పీలుస్తుంది కాబట్టి దానికి పంపు అవసరం అంతగా పడదు, తడబాటు వస్తే కారణం జెట్లలోనో, స్లైడుకు వేలాడే నీడిల్‌లోనో వెతకాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమలులోకి రావడంతో రోడ్డు బండ్లలో కార్బొరేటరు దాదాపు కనుమరుగైంది, దానితో కార్బొరేటరు విప్పి సరిచేయగల చేయి కూడా షెడ్లలో అరుదవుతోంది.

చేతి మెలికను బట్టి జబ్బు

కార్బొరేటరు సమస్య చెప్పేటప్పుడు ఎక్కువమంది ఇంజను వేగాన్ని బట్టి చెబుతారు. బండి నలభైలో వెళ్తుంటే పికప్ తగ్గుతోందనో, మూడో గేరులో మిస్సింగ్ వస్తోందనో అంటారు. కార్బొరేటరుకు గేరు తెలియదు, బండి వేగం తెలియదు, దానికి తెలిసేది ప్రధానంగా స్లైడు ఎంత తెరుచుకుందన్నదే. అందువల్ల మొదట చేయవలసిన పని యాక్సిలేటరు గ్రిప్పు మీద ఒక తెల్ల టేపు ముక్క, దాని పక్కనున్న కదలని భాగం మీద నాలుగు గుర్తులు అంటించి, మూసి ఉన్న స్థితి నుంచి పావు, సగం, ముప్పావు, పూర్తి తెరుపు ఎక్కడ వస్తాయో కంటికి కనిపించేలా చేసుకోవడం. ఈ టేపు ముక్క చేసే మేలు ఖరీదైన విడిభాగాల్లో చాలావాటికి చేతకాదు.

స్లైడు మూసి ఉన్న స్థితి నుంచి ఎనిమిదో వంతు తెరిచేదాకా పెట్రోలు అందించేది పైలట్ జెట్, దానికి తోడుగా ఉండే స్క్రూ. అక్కడి నుంచి పావు వంతు దాకా స్లైడు అడుగు అంచు ఆకారమూ, నీడిల్ పై భాగపు మందమూ ప్రభావం చూపుతాయి. నీడిల్ అంటే స్లైడుకు వేలాడుతూ కింది రంధ్రంలోకి దిగి ఉండే సన్నని మొన గల కడ్డీ, స్లైడు లేచినకొద్దీ దాని సన్నని భాగం పైకి వచ్చి పెట్రోలుకు దారి పెరుగుతుంది. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ వాలు, దాని క్లిప్పు ఏ గాడిలో ఉందన్నది ముఖ్యం. క్లిప్పును కింది గాడికి మారిస్తే నీడిల్ పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది, పై గాడికి మారిస్తే పలచబడుతుంది. ముప్పావు దాటిన తరువాతే మెయిన్ జెట్ పెత్తనం మొదలవుతుంది. ఈ హద్దులు గోడ కట్టినట్టు ఉండవు, ఒకదాని మీదికి మరొకటి కొంత పాకుతాయి, అయినా మొదటి పావు మెలికలో వచ్చే తడబాటుకు మెయిన్ జెట్ మార్చడం ఎందుకు దండగో ఇంతటితో తెలుస్తుంది.

తరువాతి ప్రశ్న మిశ్రమం పలచబడిందా, చిక్కబడిందా అన్నది. పలచని మిశ్రమంతో వచ్చే తడబాటు పొడిగా, తెగినట్టుగా ఉంటుంది. ఇంజను ఒక్కసారిగా బలం కోల్పోతుంది, యాక్సిలేటరు వదిలినప్పుడు సైలెన్సరులో టపటప పేలుళ్లు వినిపిస్తాయి, ఐడిల్ వేగం వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంది. చిక్కని మిశ్రమం వల్ల వచ్చేది తడిగా, గొణుగుతున్నట్టుగా ఉండి, నల్లని పొగతోనూ మసి పట్టిన స్పార్క్ ప్లగ్గుతోనూ బయటపడుతుంది. సందేహం తీరకపోతే వేడెక్కిన ఇంజనుకు చోక్ కొద్దిగా లాగి చూడడం పాత పద్ధతి. చోక్ అదనపు పెట్రోలు ఇస్తుంది కాబట్టి, దానితో బండి మెరుగుపడితే మిశ్రమం పలచగా ఉందనీ, ఇంకా పాడైతే అప్పటికే చిక్కగా ఉందనీ తీర్మానించవచ్చు. ఇది చిన్న తెరుపుల దగ్గర మాత్రమే నమ్మదగిన పరీక్ష.

వెంట్రుకంత దారులు

వైజడ్250ఎఫ్‌లో వాడే పైలట్ జెట్ల సంఖ్య 40ల పరిసరాల్లో ఉంటుంది. కేహిన్ జెట్ల మీది సంఖ్య రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది కనుక 42 అంటే 0.42 మిల్లీమీటరు. మికునీ మెయిన్ జెట్లలో చాలా రకాల మీది సంఖ్య వ్యాసాన్ని కాక ప్రవాహాన్ని సూచిస్తుంది, ఒక కంపెనీ సంఖ్యను చూసి మరొక కంపెనీ జెట్ కొనడం అందుకే ప్రమాదం. అర మిల్లీమీటరు కూడా లేని ఆ రంధ్రం గోడల మీద ఎండిన పెట్రోలు జిగురు పలచని పొరగా పేరుకుంటే చాలు, దారి గణనీయంగా తగ్గిపోతుంది. నెలల తరబడి వాడకుండా ఉంచిన బండి మొదటి రోజే పికప్ అందుకోకపోవడానికి అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణం ఇదే. జెట్ విప్పి వెలుతురుకు పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, అంచులు పదునుగా కనిపించాలి. కార్బ్ క్లీనరులో నానబెట్టి గాలి కొట్టడం సరైన పద్ధతి, గట్టి ఉక్కు తీగతో పొడిచి శుభ్రం చేస్తే రంధ్రం పెద్దదై జెట్ తన సంఖ్యకు తానే అబద్ధమవుతుంది. కార్బొరేటరు దిమ్మెలోపలి కాలువలను కూడా ఇలాగే గాలితో ఊది చూడాలి, జెట్ శుభ్రమై కాలువ మూసుకుపోయి ఉంటే ఫలితం శూన్యం.

స్క్రూ విషయంలో ఒక చిక్కుంది. ఎఫ్‌సీఆర్‌లో ఆ స్క్రూ స్లైడుకు ఇంజను వైపున ఉండి పెట్రోలును నియంత్రిస్తుంది, దానిని బయటికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. ఆర్‌ఎక్స్100 వంటి బండ్లలోనూ చాలా టూ స్ట్రోక్ కార్బొరేటర్లలోనూ అది ఎయిర్ ఫిల్టరు వైపున ఉండి గాలిని నియంత్రిస్తుంది, దానిని బయటికి తిప్పితే మిశ్రమం పలచబడుతుంది. చూడడానికి రెండూ ఒకేలా ఉన్నా పని తలకిందులు. ఇంజను బాగా వేడెక్కిన తరువాత ఐడిల్ మీద ఉంచి, స్క్రూను నెమ్మదిగా తిప్పుతూ ఇంజను వేగం గరిష్ఠంగా వచ్చినచోట ఆపాలి. పెట్రోలు స్క్రూ అయితే ఆ చోటు రెండున్నర చుట్ల కన్నా బయటికి వెళ్తే పైలట్ జెట్ చిన్నదనీ, ఒక చుట్టు లోపే దొరికితే పెద్దదనీ అర్థం. స్క్రూ చివర స్ప్రింగు, వాషరు, ఓ-రింగు వరుసగా ఉంటాయి. స్క్రూను బయటికి తీసినప్పుడు చిన్న ఓ-రింగు లోపలే అతుక్కుపోయి, తరువాత గాలిపీడనంతో ఎగిరిపోవడం, దాని సంగతి ఎవరికీ గుర్తుండకపోవడం సర్వసాధారణం. ఆ ఓ-రింగు లేని బండిని ఎన్ని జెట్లు మార్చినా ట్యూన్ చేయలేరు.

పెట్రోలు నాణ్యత కూడా ఇక్కడే లెక్కకు వస్తుంది. దేశంలో ఇప్పుడు అమ్ముడవుతున్న ఈ20 పెట్రోలులో అయిదో వంతు ఇథనాల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి బయటి గాలి తక్కువ చాలు. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 కిలోలు సరిపోతుంది. పాత పెట్రోలుకు సరిపోయేలా అమర్చిన జెట్లతోనే ఈ20 పోస్తే మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడినట్టే, అప్పటిదాకా అంచు మీద నడుస్తున్న బండి తడబడడం మొదలుపెట్టవచ్చు. ఇంజెక్షన్ బండి కొంతవరకు తనంతట తాను సర్దుకుంటుంది, కార్బొరేటరుకు ఆ తెలివి లేదు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కూడా, దీర్ఘకాలం నిలిపి ఉంచే బండికి ఫ్లోట్ చాంబరు డ్రెయిన్ స్క్రూ విప్పి పెట్రోలు వదిలేయడం అందుకే అవసరమైన అలవాటు.

పంపు: ఎక్కువ తగాదాలు ఇక్కడే

పైలట్ దారి శుభ్రంగా ఉండి, స్క్రూ సరిగా ఉండి, నెమ్మదిగా తిప్పితే బండి హాయిగా పోతూ, ఒక్కసారిగా తిప్పినప్పుడు మాత్రమే తడబడితే, అనుమానం యాక్సిలరేటర్ పంపు మీదికి మళ్లాలి. ఫ్లోట్ చాంబరు అడుగున ఒక రబ్బరు పొర, దాన్ని నొక్కే సన్నని కడ్డీ, ఆ కడ్డీని కదిలించే లివర్లు, వెంచూరి మొదట్లో లోపలికి పొడుచుకొచ్చే చిన్న నాజిల్, ఇవీ పంపు భాగాలు. గ్రిప్పు తిప్పగానే లివరు కడ్డీని నొక్కుతుంది, పొర కింద నిలిచిన పెట్రోలు నాజిల్ గుండా సన్నని ధారగా చిమ్ముతుంది. కషాయం తాగించేటప్పుడు పసిపిల్లల నోట్లో ముందు పెట్టే తేనెచుక్క వంటిది ఆ ధార. అసలు సరఫరా అందుకునేదాకా నడిపించడమే దాని పని.

పంపును పరీక్షించడానికి ఇంజను ఆపి, చల్లారనిచ్చి, ఆరుబయట, దగ్గరలో నిప్పు లేకుండా చూసుకుని, కార్బొరేటరు వెనుక ఉన్న ఎయిర్ బాక్సు రబ్బరును వదులు చేసి లోపలికి చూస్తూ గ్రిప్పును తిప్పాలి. మూడు సంగతులు గమనించాలి. ధార స్లైడు కదలిన క్షణానే మొదలవుతోందా, లేక స్లైడు సగం లేచాక వస్తోందా అన్నది మొదటిది. అది నేరుగా ఇంజను వైపు దూసుకెళ్తోందా, లేక స్లైడు అడుగుకో నీడిల్‌కో తగిలి చెదిరిపోతోందా అన్నది రెండోది. ఎంతసేపు సాగుతోందన్నది మూడోది. ధార అసలే రాకపోతే పొర చిరగడమో గట్టిపడడమో, కడ్డీ మట్టితో పట్టేయడమో, నాజిల్ మూసుకుపోవడమో జరిగి ఉంటుంది. పొర పాతబడి బిగుసుకుపోవడం అన్నిటికన్నా సాధారణం, పైకి బాగానే కనిపించే పొర కూడా వేలితో వంచితే పగుళ్లు చూపిస్తుంది.

ధార ఆలస్యంగా వచ్చే సందర్భంలో దోషం లివర్ల మధ్యనున్న స్ప్రింగుది. ఎఫ్‌సీఆర్‌లో గ్రిప్పు కదలిక పంపు కడ్డీకి నేరుగా అందదు, ఒక చుట్టు స్ప్రింగు ద్వారా అందుతుంది. స్ప్రింగు మెత్తగా ఉంటే ముందు అది చుట్టుకుని, తరువాత కడ్డీని నొక్కుతుంది, ఆ కాస్త జాప్యమే తడబాటుగా బయటపడుతుంది. ఈ రెండు లివర్లను చిన్న ఓ-రింగుతో కట్టేసి జాప్యాన్ని తగ్గించడం అమెరికాలో రైడర్ల మధ్య బాగా ప్రచారమైన చిట్కా; కొందరు దాని బదులు సన్నని తీగతో బిగించి కట్టేస్తారు, మరికొందరు గట్టి స్ప్రింగు కొని వేస్తారు. ఓ-రింగు పెట్రోలుకు ఉబ్బని ఫ్లోరో రబ్బరుది అయితేనే నిలుస్తుంది. తీగ కన్నా ఓ-రింగు మేలు. పంపు పొర అడుగుకు తగిలిన తరువాత కూడా గ్రిప్పు తిరగవలసి వస్తే సాగే గుణం ఉన్న రింగు ఆ బలాన్ని భరిస్తుంది, తీగ మాత్రం దాన్ని నేరుగా కడ్డీకీ పొరకూ అంటగడుతుంది.

ధార మోతాదును మార్చే సాధనం లీక్ జెట్. కొన్ని ఎఫ్‌సీఆర్ నమూనాల్లో ఫ్లోట్ చాంబరులో ఉండే ఈ జెట్, పంపు నొక్కిన పెట్రోలులో కొంత భాగాన్ని తిరిగి చాంబరులోకే వదిలేస్తుంది. కనుక ఇక్కడ లెక్క తిరగబడుతుంది, లీక్ జెట్ చిన్నదైతే వెంచూరిలోకి చిమ్మే పెట్రోలు పెరుగుతుంది, పెద్దదైతే తగ్గుతుంది. మిగతా జెట్ల అలవాటుతో పెద్ద లీక్ జెట్ వేసి తడబాటును మరింత పెంచుకున్నవారు కొల్లలు. ధార మరీ ఎక్కువైతే వచ్చే తడబాటు కూడా అదే చోట, అదే మెలిక దగ్గర వస్తుంది కాబట్టి రెండింటినీ వేరుచేయడానికి నల్లని పొగ ఒక్కటే తక్షణ ఆధారం. పంపుకు విడిభాగాలు అమ్మే వ్యాపారం బాగా పెరిగిన మాట నిజమే గాని, చాలా బండ్లకు కావలసింది కొత్త పొర, శుభ్రమైన నాజిల్, బిగువైన లివరు మాత్రమే.

ఎఫ్‌సీఆర్‌లో మరొక ఉచ్చు కూడా ఉంది. స్లైడుకు ఇంజను వైపున ఒక పలచని విడి పలక ఆనుకుని ఉంటుంది. శుభ్రం చేసి తిరిగి బిగించేటప్పుడు దాన్ని తలకిందులుగా పెట్టడం చాలా సులువు. అలా పెడితే బండి సరిగా స్టార్టు కాదు, ఐడిల్ నిలవదు, రేసు అందుకోదు. శుభ్రం చేసిన తరువాతే జబ్బు ముదిరితే మొదట విప్పి చూడవలసింది ఈ పలకనే.

దిబ్బ దిగినప్పుడు మాత్రమే వస్తే

నేల మీద బాగుండి, ఎత్తు నుంచి దూకి నేలను తాకిన వెంటనే, లేదా వరుస గుంతల్లో మాత్రమే తడబడే బండికి పంపుతో సంబంధం తక్కువ. ఫ్లోట్ చాంబరులో పెట్రోలు ఎగిరిపడి, జెట్లు ఒక క్షణం గాలిలో తేలడమో, పెట్రోలు పొంగి గొట్టాల్లోకి పోవడమో దానికి కారణం. ఫ్లోట్ ఎత్తు అనేది చాంబరులో పెట్రోలు మట్టాన్ని నిర్ణయించే కొలత. చాలా యమహా ఎఫ్‌సీఆర్‌లలో అది సుమారు 8 మిల్లీమీటర్లు. కార్బొరేటరును తలకిందులుగా పెట్టి కొలిచే ఈ సంఖ్య పెరిగితే పెట్రోలు మట్టం తగ్గుతుంది. ఫ్లోట్ బరువు, చాంబరులోకి వచ్చే పెట్రోలును ఆపే నీడిల్ వాల్వు స్ప్రింగును నొక్కకుండా కార్బొరేటరును ఏటవాలుగా పట్టి కొలవాలి, లేకపోతే కొలత తప్పుతుంది. చాంబరుకు గాలి అందించే వెంట్ గొట్టాల కొనలు బురదలోనో నీటిలోనో మునిగితే లోపలి పీడనం మారి, వాగు దాటుతున్న బండి ఏ కారణం లేకుండా ఆగిపోయినట్టు కనిపిస్తుంది.

కార్బొరేటరుతో నిమిత్తం లేకుండా అదే లక్షణాలు చూపే లోపాలను త్వరగా తోసిపుచ్చుకోవాలి. మట్టితో నిండిన ఎయిర్ ఫిల్టరు, పగిలిన ఇన్‌టేక్ రబ్బరు, ట్యాంకు మూతలో మూసుకుపోయిన గాలి రంధ్రం, బలహీనమైన స్పార్కు, బిగుసుకుపోయిన వాల్వు సందు, ఇవన్నీ జెట్ల ముందు చూడవలసినవి. ఎఫ్‌సీఆర్ పక్కన ఉండి స్లైడు తెరుపును కనిపెట్టే థ్రోటిల్ సెన్సారు స్పార్కు సమయాన్ని మారుస్తుంది, దాని స్క్రూలను ఎవరైనా కదిపి ఉంటే తయారీదారు మాన్యువల్లోని ఓల్టేజి ప్రకారమే తిరిగి అమర్చాలి.

కొండ మీద, ఎండలో

సముద్ర మట్టం దగ్గర విశాఖపట్నంలో ట్యూన్ చేసిన బండి సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు చేరితే గాలి దాదాపు పదో వంతు పలచబడి, అవే జెట్లతో మిశ్రమం చిక్కబడుతుంది. అంతే మార్పు కొండ ఎక్కకుండా కూడా వస్తుంది: హైదరాబాదులో డిసెంబరు తెల్లవారుజామున 12 డిగ్రీల గాలికీ, మే మధ్యాహ్నం 42 డిగ్రీల గాలికీ సాంద్రతలో సుమారు పది శాతం తేడా ఉంటుంది. వేసవిలో సరిచేసిన బండి చలికాలం ఉదయాన పలచబడి తడబడడం కొత్త లోపం కాదు, పాత అమరిక మీదికి కొత్త గాలి రావడమే. ఇలాంటి మార్పుకు స్క్రూను పావు చుట్టు తిప్పడం, నీడిల్ క్లిప్పును ఒక గాడి జరపడం చాలినంత మందు.

పరీక్ష ఎక్కడ జరుపుతున్నారన్నది ఫలితాన్ని మార్చేస్తుంది. బండిని స్టాండు మీద నిలబెట్టి, న్యూట్రల్‌లో, ఐడిల్ నుంచి గ్రిప్పును ఒక్క దెబ్బకు పూర్తిగా తిప్పితే ఆరోగ్యంగా ఉన్న ఎఫ్‌సీఆర్ కూడా కొన్నిసార్లు తడబడుతుంది; ఇంజను అంత నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అంత వెడల్పైన నోరు తెరవడం ట్రాకులో ఎవరూ చేయరు. రెండో గేరులో, ఇంజను కొంత బరువు లాగుతూ ఉన్నప్పుడు, మలుపు నుంచి బయటపడే వేగంలో, టేపు గుర్తు పావు దగ్గర నుంచి పూర్తిగా తిప్పి చూడాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, అదే మలుపులో అదే మెలికతో మళ్లీ చూసి, చేసిన మార్పును ఫ్యూయల్ ట్యాంకు మీద అంటించిన కాగితం మీద తేదీతో, ఆ రోజు ఉష్ణోగ్రతతో సహా రాసి ఉంచుకుంటే, తరువాత బండి కొన్నవారికి కూడా అది పనికొస్తుంది. బరువు లాగుతున్నప్పుడు తడబాటు పోయి, స్టాండు మీద మాత్రం మిగిలితే, ఆ మిగిలిన దాన్ని వదిలేయడమే మేలు. దాన్ని కూడా పోగొట్టాలని పంపు మోతాదు పెంచుకుంటూ పోతే ట్రాకులో మలుపు మలుపుకీ నల్లపొగ మొదలవుతుంది.